ఏడో డెక్కు మీద అమ్మ చేతులు

ఎండ సెలవులు, ఒకటో రోజు

ఓడ ఎక్కాను. ముందు ఆ సంగతి ఒప్పుకుని తర్వాత మిగతాది రాస్తాను. ఈ ఓడల మీద పదిహేనేళ్ళుగా మన సంఘం పత్రికలో తిట్టిపోసింది నేనే కాబట్టి దాచడం కుదరదు. నేల మీద జనం నేలమాళిగల్లో తడిగోనెలు కప్పుకుని రెండు నెలల ఎండ గడుపుతుంటే, మేఘం ఎటు కదిలితే అటు దాని నీడలో తిరగడానికి కొందరికి ఓడలు కావలసి వచ్చాయని రాశాను. మేఘం ఎవరి సొత్తని అడిగాను. ఎవరూ జవాబివ్వలేదు. ఇప్పుడు అదే మేఘం కింద, కిటికీ ఉన్న గదిలో, చల్లటి దుప్పటి మీద కూర్చుని ఈ మాటలు రాస్తున్నాను. నవ్వొస్తే నవ్వండి, నాకేం అభ్యంతరం లేదు.

కారణం మా నాన్న. పేరు నూకరాజు, డెబ్బై ఆరేళ్ళు. పోయిన వేసవిలో మా మెట్ట కాలనీ నేలమాళిగలో రెండుసార్లు స్పృహ తప్పాడు. "ఇంకో ఎండాకాలం ఇక్కడ ఉంచకండి" అంది డాక్టరమ్మ. ఇంకెక్కడ ఉంచాలో ఆవిడకీ తెలియదు. రెండు నెలల కిందట 'నీలాంబరి' ఓడవాళ్ళ ఉత్తరం వచ్చింది. 'వారసుల గౌరవ విహారం' అట. మా అమ్మ మాణిక్యం పేరు మీద ముగ్గురికి పది రోజులు, ఉచితం. అమ్మ పోయి ఈ నెలకు అయిదేళ్ళు. ఓడ ఎలా ఉంటుందో కూడా చూడని మనిషి. ఆవిడకు ఓడ కంపెనీ గౌరవం ఏమిటని అడిగాను. "మా అతిథులకు ఆవిడ అందించిన సేవకు" అని రాశారు. ఏం సేవ అని మళ్ళీ అడిగాను. దానికి జవాబు లేదు. అనుమానంతోనే ఎక్కాను. అనుమానం ఉన్నవాళ్ళు కూడా ఎక్కుతారు. పెద్దాయన ఊపిరి కళ్ళ ముందు ఎగబీలుస్తుంటే సిద్ధాంతం కాసేపు పక్కన కూర్చుంటుంది.

మెట్ల దగ్గర నాన్న చెప్పులు విప్పి చేతిలో పట్టుకున్నాడు.

"తాతా, తొడుక్కో. ఇది గుడి కాదు" అంది మా అమ్మాయి సమత. దానికి పదహారేళ్ళు, అన్నీ దానికే తెలుసు.

"ఆ తివాసీ చూడవే. తొక్కబుద్ధేత్తందా?"

"తొక్కడానికే వేశారు తాతా."

"మనం తొక్కడానికి వెయ్యలేదులే" అన్నాడు నాన్న. ఆ మాట నేను అని ఉంటే ఉపన్యాసం అనేవాళ్ళు.

రెండో రోజు

పొద్దున్నే తలుపు కింద నుంచి నీడ పట్టిక తోశారు. ఏ గంటకు ఏ డెక్కు మీద నీడ ఉంటుందో అందులో ఉంటుంది. తొమ్మిది నుంచి పదకొండు దాకా ఈతకొలను, పదకొండు నుంచి రెండు దాకా ఏడో డెక్కు. గంట మోగగానే రెండువేల మంది తువ్వాళ్ళు భుజాన వేసుకుని నీడ వెంట నడుస్తారు. గంట కొడితే కదిలే జనాన్ని ఇంతకుముందు ఫ్యాక్టరీ గేట్ల దగ్గరే చూశాను. ఇక్కడ దాన్ని విశ్రాంతి అంటున్నారు. స్నానానికి సముద్రపు నీళ్ళు, ఉప్పు కడుక్కోవడానికి మనిషికి మూడు చెంబుల మంచినీళ్ళు. కాలనీలో మనకు ఒక్క చెంబు. సమత రెండింటితో సరిపెట్టుకుని మూడోది తాతకు దాచింది. దాన్ని చూసి గర్వపడ్డాను. తర్వాత నా మూడు చెంబులూ నేను పోసుకున్నాను.

మధ్యాహ్నం భోజనానికి నాన్న రాలేదు. వెతకడానికి వెళ్ళిన సమత పరుగెత్తుకొచ్చింది. "అమ్మా, తాత ఏడో డెక్కు మీద అద్దానికి అతుక్కుపోయాడు. పిలిస్తే పలకట్లేదు."

ఏడో డెక్కులో 'గోదావరి రుచుల వీధి' అని ఉంది. చివరన ఒక అద్దాల గది. లోపల బోర్లించిన కుండ, కింద మంట బదులు ఎర్రగా కాలే కరెంటు చుట్టలు. కుండ వెనక రెండు ఇనుప కడ్డీలు, వాటికి బిగించిన రెండు చేతులు. గోధుమరంగు రబ్బరు తొడిగిన యంత్రపు చేతులు, మోచేయి వరకే. రెండు కడ్డీల మధ్య సరిగ్గా ఒక మనిషి కూర్చునేంత ఖాళీ. కుడిచెయ్యి పల్చటి గుడ్డను పిండినీళ్ళలో ముంచి కుండ మీద ఒక్క లాగు లాగుతుంది. ఉల్లిపొర లాంటి రేకు లేస్తుంది. ఎడమచెయ్యి తీసి పక్కన పెడుతుంది. పక్కనున్న యంత్రం దాంట్లో నెయ్యీ బెల్లప్పొడీ వేసి చుడుతుంది. జనం లైనులో నిలబడి పూతరేకులు తింటూ ఫొటోలు తీసుకుంటున్నారు.

"మీ అమ్మేనే" అన్నాడు నాన్న. నా వైపు తిరగలేదు.

"నాన్నా, రేకులు తీసేవాళ్ళందరూ ఇలాగే తీస్తారు."

"నలభై ఏళ్ళు దాని పొయ్యిలో కొబ్బరాకులు ఎగదోసినోణ్ణి నేను. నాకు చెప్తావేంటి? ఉండు. చూడు."

చూశాను. పది రేకులయ్యాక కుడిచెయ్యి గుడ్డ వదిలేసింది. మణికట్టు వెనక్కి వంచి పైకి లేచింది. నుదురు ఉండవలసిన ఎత్తుకు వెళ్ళి, గాల్లో, ఎడమ నుంచి కుడికి తుడిచింది. వేళ్ళకు పిండి అంటుకుని ఉంటుంది కాబట్టి మా అమ్మ చెమటను మణికట్టు వెనకవైపుతో తుడుచుకునేది. చెమటతోపాటు ఒక జుట్టుపాయను కూడా వెనక్కి తోసేది. ఆ చెయ్యి దాన్నీ తోసింది. లేని నుదుటి మీద లేని చెమట తుడుచుకుని, లేని జుట్టు తోసుకుని, మళ్ళీ గుడ్డ అందుకుంది.

లైనులో ఎవరో "ఎంత ముద్దుగా ఉందో" అన్నారు.

మూడో రోజు

ఓడలో ఆతిథ్య అధికారి శరణ్య అనే అమ్మాయి. ముప్పై ఉండవు. పేచీకి సిద్ధమై వెళ్ళాను, ఆమె కుర్చీ వేసి మంచినీళ్ళిచ్చింది. ఈ రోజుల్లో పేచీ పెట్టుకోవడం కూడా కష్టం చేశారు.

"అవును మేడమ్, అది మాణిక్యం గారి నమూనానే. మీకు తెలుసనుకున్నాం. పత్రాల మీద మీ సంతకమే ఉంది కదా."

తెర మీద చూపించింది. నా సంతకమే.

మీకు చెప్పాలి. మీలో చాలామంది ఆ రోజు నందివారి లంకలో రేకుల షెడ్డు కింద ఉన్నారు. లంక ఇంకా మునగలేదు. రేకులు తీసే ఆడవాళ్ళు నలభై ఒక్కమంది, సంఘానికి నేను కార్యదర్శిని. సర్కారు రాతల్లో మీరు 'నైపుణ్యం లేని కూలీలు'. కాలిన వేళ్ళకు వైద్యం అడిగితే అది పనివల్ల వచ్చిన గాయమని రుజువేదీ అన్నారు. అప్పుడొక పరిశోధన కేంద్రంవాళ్ళు పల్చటి తొడుగులు తెచ్చారు. చేతికి వేసుకుని పనిచేస్తే ప్రతి కదలికనూ, ప్రతి వేడినీ కొలుస్తాయన్నారు. నేను ఎగిరి గంతేశాను. రుజువు దొరికింది! ఈ పనిలో ఎంత నేర్పుందో అంకెల్లో చూపిస్తే ఎవడు కాదనగలడు? షెడ్డు కింద గంటసేపు మాట్లాడాను. చప్పట్లు కొట్టారు. వెనక వరసలోంచి అమ్మ ఒక్కతే అడ్డం మాట్లాడింది.

"ఇది తొడుక్కుంటే గుడ్డ తడి తెలీట్లేదే సత్తేణీ."

"కొన్నాళ్ళేగా అమ్మా."

"అయినా నా చెయ్యి ఎవడిక్కావాలే? నా మొగుడే పట్టుకోడు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అమ్మ తొడుక్కుంది. మూడు నెలలు, పొద్దున పొయ్యి వెలిగించినప్పటి నుంచి ఆర్పేదాకా.

ఏడాది తిరిగేసరికి రేకుల యంత్రాలొచ్చాయి, షెడ్డు మూతపడింది. యంత్రం యంత్రమే అనుకున్నాం. దానిలోపల మన చేతులే ఉన్నాయని మనలో ఒక్కరికీ తట్టలేదు. లంక మునిగి కాలనీకి వచ్చాక, మంచం పట్టిన ఆఖరి ఏడాది అమ్మ దుప్పటి అంచు పట్టుకుని మోకాలి మీదుగా లాగుతూ ఉండేది. మతి తప్పిందనుకున్నాను. పని చేసుకుంటోంది. అదే సమయంలో ఆవిడ చెయ్యి ఈ ఓడలో కూడా పనిచేస్తోంది.

పత్రంలో రెండు షరతులున్నాయి. పట్టుబట్టి నేను రాయించినవే. మనిషి బతికున్నంతకాలం, పోయాక అయిదేళ్ళ దాకా, కొలతల వాడకానికి సంఘం అనుమతి చాలు. ఆ తర్వాత వారసుల సంతకం లేకుండా వాడకూడదు. అది గెలుపని ఆ రోజు మిఠాయి పంచాను.

"ఈ పదో తారీఖుకి అయిదేళ్ళవుతాయి మేడమ్. అంటే మనం రేవు చేరే రోజు" అంది శరణ్య. "మీరు సంతకం పెడితే కొనసాగుతుంది. పెట్టకపోతే చట్టప్రకారం చెరిపేస్తాం. కాపీ కూడా ఉండదు."

నాలుగో రోజు

శరణ్య ఇంకోటి కూడా చెప్పింది. సంతకం ఉన్నంతకాలం ప్రతి ఎండాకాలం ఇదే గది మాకు. నాన్నకు నేలమాళిగ ఉండదు.

గదిలో ఆ మాట చెప్పి, నేను సంతకం పెట్టనన్నాను. ఎందుకు పెట్టనో కూడా చెప్పాను. బతికున్నప్పుడు పిండుకున్నది చాలక చచ్చాక కూడా పనిచేయించే ఏర్పాటుకు పేరేమిటో చరిత్ర పుస్తకాల్లో ఉందన్నాను. గొంతు పెరిగింది. సమత వెళ్ళి తలుపు వేసింది.

నాన్న అంతా విన్నాడు. పొద్దుటి నుంచి అద్దం ముందే ఉండి వచ్చాడు. ఆయన రెండు రోజులుగా బాగా తింటున్నాడు, ఎగబీల్పు లేదు.

"అయ్యిందా?" అన్నాడు.

"ఏంటి?"

"మీటింగు." లేచి నిలబడ్డాడు. "ఆరోజు నీ సంఘం కోసం దాని చేత తొడిగించేవు. ఇయ్యాల నీ కోపం కోసం చెరిపేత్తానంటన్నావు. రెండుసార్లూ దాన్ని అడగలేదు నువ్వు."

"అమ్మ లేదు నాన్నా, అడగడానికి."

"అక్కడుంది. ఎల్లి చూసుకో. చెమట తుడుచుకుంటంది."

ఇరవై ఏళ్ళుగా వేదికల మీద ఎవరికీ జవాబు చెప్పలేక ఆగింది లేదు. ఈ మనిషి నాలుగో తరగతి కూడా చదవలేదు.

అయిదో రోజు

పొద్దున ఆరింటికి ఏడో డెక్కు తెరుస్తారు. ఎవరూ లేనప్పుడు చూద్దామని ఒక్కదాన్నే వెళ్ళాను. ఊడ్చే మనిషి అప్పుడే కరెంటు వేశాడు. నిన్న ఎక్కడ ఆగాయో అక్కడే, గాల్లో ఆగి ఉన్న చేతులు ఒక్కసారి ఒణికి, కుండ వేడెక్కేదాకా ఓపిగ్గా ఉన్నాయి. మొదటి రేకు తీశాయి.

తీసి పళ్ళెంలో పెట్టలేదు. ఎడమచెయ్యి రేకును రెండు వేళ్ళ మధ్య పట్టుకుని వెనక్కి తిరిగింది. భుజం మీదుగా, వెనకవైపు, కాస్త కిందికి. అక్కడ ఏమీ లేదు. గోడ దగ్గర ఒక బకెట్టు ఉంది. చెయ్యి అలాగే ఉండిపోయింది. వదిలేయలేదు, కదపలేదు. చాలాసేపటికి రేకు దానంతటదే విరిగి కింద పడింది. చెయ్యి ముందుకొచ్చి రెండో రేకు మొదలుపెట్టింది.

"ఇదొక్కటి తప్పుందండి దీంట్లో" అన్నాడు ఊడ్చే మనిషి. "రోజూ మొదటిది పారేత్తది. ఎంత బాగుచేసినా పోలేదండి."

తప్పు కాదు. చిన్నప్పుడు పుస్తకాల సంచితో నేను అమ్మ వెనక పీట మీద కూర్చునేదాన్ని. వెనక్కి చూడకుండా మొదటి రేకు నాకిచ్చేది. వేడిగా, ఉత్తదే, నెయ్యీ బెల్లం లేకుండా. నేను పెద్దదాన్నయ్యి, కార్యదర్శినయ్యి, మీటింగులకు తిరుగుతున్నా అమ్మ చెయ్యి ఆ అలవాటు మానుకోలేదన్నమాట. తొడుగులు వేసుకున్న మూడు నెలల్లో ఒక్కరోజు కూడా నేనక్కడ కూర్చోలేదు. అయినా ఇచ్చింది.

ఇప్పుడు నాకు సిద్ధాంతం చెప్పకండి. గదికి వెళ్ళి, సంతకం పెట్టేస్తానని నాన్నతో అన్నాను. ఆయన నా నెత్తి మీద చెయ్యి వేశాడు. కొన్నేళ్ళయింది అలా చేసి.

ఆరో రోజు

ఇవాళ మేం ముగ్గురం మామూలు సెలవుల కుటుంబంలాగే ఉన్నాం. రాయడానికి సిగ్గుగా ఉంది కానీ బాగుంది. సమత తాతకు తేలే ట్యూబు తొడిగి కొలనులోకి దింపింది. "వదిలేత్తావేంటే, నీ దుంపతెగ" అని ఆయన అరుస్తుంటే చుట్టుపక్కల వాళ్ళు నవ్వారు. తర్వాత ఆయన మామూలుగా అద్దం దగ్గరికి వెళ్ళాడు. అక్కడ ఆయనకిప్పుడు ఒక కుర్చీ వేశారు. అమ్మతో మాట్లాడుతుంటాడు. కాలనీ కబుర్లు, ఎవరి కోడలు ఎవరితో పోట్లాడింది, ఓడలో సాంబారు ఎంత చప్పగా ఉంది. చేతులు పనిచేస్తుంటాయి. ఆయన ఆగినప్పుడు ఒక్కోసారి చేతులు కూడా ఒక్క క్షణం ఆగినట్టుంటాయి. ఆగవు. చూశాను.

నేను వెళ్ళేసరికి ఆయన పక్కన సమత నీడ పట్టికతో విసురుకుంటోంది.

"అమ్మా, ఇది రోజుకు పద్నాలుగు గంటలు తెరిచుంటుంది. ఓడలో అందరూ సెలవుల మీద వచ్చాం. మరి అమ్మమ్మకి సెలవెప్పుడు?"

"అది అమ్మమ్మ కాదు, యంత్రం" అన్నాను.

"అయితే చెరిపెయ్యడానికి ఏడుపెందుకు?"

దీన్ని నేనే పెంచాను. ప్రశ్నలు అడగమని నేర్పించాను.

ఏడో రోజు

మధ్యాహ్నం మేఘం చెదిరింది. ఓడ నీడ తప్పి గంటన్నర ఎండలో పడింది. సైరన్ మోగింది, అందరినీ లోపలికి తోలారు. గదులు చల్లబరచడానికి పంపుల కరెంటు అటు మళ్ళించారు. వంటిళ్ళలో పంపులు ఆగిపోయాయి. లెక్క చూస్తే నాన్న లేడు. సమత, నేను ఏడో డెక్కుకు పరిగెత్తాం.

వీధంతా ఖాళీ. అద్దం మీద నాన్న రెండు అరచేతులూ వేసి కొడుతున్నాడు.

లోపల పిండినీళ్ళు అయిపోయాయి. పంపు ఆగింది కాబట్టి గిన్నె నిండలేదు. కుండ మాత్రం కాలుతోంది. కుడిచెయ్యి పొడిగిన్నెలో గుడ్డ ముంచి, పొడిగుడ్డతో కుండ మీద లాగుతోంది. గుడ్డ నల్లబడి పొగ వస్తోంది. రేకు లేదు. ఎడమచెయ్యి లేని రేకును తీసి పళ్ళెంలో పెడుతోంది. మళ్ళీ ముంచడం. మళ్ళీ లాగడం. చూపుడువేలి మీద రబ్బరు కరిగి బొబ్బలా ఉబ్బింది. పది అయ్యాయేమో, మణికట్టు పైకి లేచి నుదురు తుడుచుకుంది.

"ఆపండి! చెయ్యి కాల్తంది! ఎవరున్నారండీ, ఆపండి!"

"నాన్నా, దానికి నొప్పి తెలీదు."

"తెలీక కాదే" అన్నాడు. "పిండి లేపోతే మీ అమ్మ లెగిసిపోయేది. గుడ్డ ఇసిరి కొట్టేది. 'పిండి లేకుండా ఏం తియ్యను, నీ తలకాయా?' అని నన్ను తిట్టేది. గంట తిట్టేది. ఇది తిట్టట్లేదే. ఇది తిట్టట్లేదు."

ఎవరో వచ్చి కరెంటు తీశారు. చేతులు గాల్లో, పొగలో, ఆగిపోయాయి. నాన్నను కుర్చీలో కూర్చోబెట్టాం. ఆయన ఇన్ని రోజులూ అమ్మతో మాట్లాడుతున్నాననుకున్నాడు. ఆ చేతుల్లో అమ్మ పనిని మాత్రమే ఉంచారు. పనిని కాదనే అమ్మను తీసేశారు. నా తొడుగులు కొలవలేకపోయినది సరిగ్గా అదే. సంఘం కార్యదర్శిని నేను, సమ్మె చేసే శక్తిని వదిలేసి చాకిరీని మాత్రం దాచిపెట్టాను.

తొమ్మిదో రోజు

నిన్న నాన్న గదిలోంచి కదల్లేదు. ఇవాళ సంతకం కార్యక్రమం అని పొద్దున శరణ్య పూలదండలతో వచ్చింది. అద్దాల గదిలోపలే, కెమెరా ముందు.

"పదండి" అన్నాడు నాన్న. "ఒక్కసారి లోనికెల్లాలి నేను."

లోపల వేడి. కుండకు కొత్త గుడ్డ, చేతికి కొత్త రబ్బరు. అద్దానికి అవతల జనం. శరణ్య పత్రం, కలం అందించింది. నేను పుచ్చుకోలేదు. నాన్న వైపు చూశాను. ఆయన చేతుల పక్కన, పొయ్యి మూల, నేల మీద గొంతుక్కూర్చున్నాడు. అది ఆయన చోటు.

"అమ్మాయ్, కాస్త మంట తగ్గిత్తావా?"

"ఎందుకండీ?"

"ఒక్కసారిగా కాదు. నెమ్మదిగా. ఆకులు ఎనక్కి లాగినట్టు."

ఏదో ఫొటో కోసమనుకుని ఆమె సైగ చేసింది. చుట్టల ఎరుపు తగ్గుతూ వచ్చింది. ఓడలో ఏనాడూ అలా జరగలేదు. ఉంటే పూర్తి వేడి, లేకపోతే ఒక్కసారిగా తీసేయడం. చేతులు ఇంకో రేకు తీశాయి, మందంగా వచ్చింది. ఇంకోటి తీశాయి, చిరిగింది.

"చాల్లే, లెగు" అన్నాడు నాన్న, రోజూ ఇంటికి పిలిచినట్టు.

మాట విన్నాయని నేను అనను. కుండ చల్లారడం తెలిసి ఉంటుంది. కుడిచెయ్యి గుడ్డను నీళ్ళగిన్నెలో జాడించింది. రెండు చేతులూ కలిసి పిండాయి. గుడ్డను దులిపి, కుండ మీద పరిచి, మడతలు సరిచేశాయి. తర్వాత రెండు అరచేతులూ ఆ తడిగుడ్డ మీద ఆన్చి ఉండిపోయాయి. పని ముగిసిన మనిషి వేళ్ళకు పట్టిన మంట చల్లార్చుకుంటున్నట్టు.

అద్దానికి అవతల ఎవరూ ఫొటో తీయలేదు.

నాన్న తన చెయ్యి ఎత్తి, ఆ రబ్బరు చేతి మీద పెట్టబోయి, పెట్టలేదు. లేచాడు.

"సంతకం పెట్టకు సత్తేణీ."

"ఎండాకాలం ఎలా నాన్నా?"

"నేలమాళిగ ఉంది కదా. నాకక్కడ తిట్టేవోళ్ళున్నారు."

కాగితం మీద 'అంగీకరించను' అని రాసి పేరు పెట్టాను. ఇంతకాలం ఆ మాట ఎన్నో వేలసార్లు రాశాను. ఇంత చిన్న అక్షరాలతో ఎప్పుడూ రాయలేదు. "మీరు బాగా ఆలోచించే చేశారు కదా మేడమ్" అంది శరణ్య. ఆ అమ్మాయి కళ్ళు తడిగా ఉన్నాయి, పత్రం మాత్రం జాగ్రత్తగా కవరులో పెట్టుకుంది.

పదో రోజు

మధ్యాహ్నానికి రేవు. పొద్దున ఏడింటికి శరణ్య ధ్రువపత్రం తెచ్చింది. మాణిక్యం నమూనా చెరిపివేయబడినది. నాన్న మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఏడవలేదు. ఇడ్లీ తిన్నాడు.

ఖాళీ కడ్డీలను ఒకసారి చూసి వద్దామని నేను ఏడో డెక్కుకు వెళ్ళాను. లైను ఉంది. పూతరేకులు తింటున్నారు. చేతులు పనిచేస్తున్నాయి.

గుడ్డ పట్టుకున్నది ఎడమచెయ్యి.

నలభై ఒక్కమందిలో ఎడమచేతి వాటం ఒక్క భూలక్ష్మికే. మనిషి పొట్టి, కుండ అవతలి అంచు అందుకోవాలి, అందుకే ప్రతి రేకుకీ ముందు భుజం కాస్త ఎగరేసేది. కడ్డీకి బిగించిన మోచెయ్యి ఎగురుతోంది. శరణ్యను అడిగితే, ఆమె ఏ తప్పూ చేయనివాళ్ళ గొంతుతో చెప్పింది. "నలభై నమూనాలున్నాయి మేడమ్. ఈమె ఇంకా బతికే ఉన్నారు. అంటే వారసుల సంతకం అక్కర్లేదు. సంఘం అనుమతి చాలు. అది మీరు ఇచ్చేశారు."

"వెనక్కి తీసుకుంటున్నాను."

"ఆ షరతు పత్రంలో లేదండి."

లేదు. నేనే రాశాను, నాకు తెలుసు. సంఘం ఎప్పటికీ మన చేతుల్లోనే ఉంటుందనుకున్న రోజులవి. వెనక్కి తీసుకునే అవసరం వస్తుందని ఊహించడమే అప్పుడు ద్రోహంలా కనిపించేది.

నాన్న, సమత సామాన్లతో వచ్చారు. సమత ఆ చేతుల్ని చూసి, నన్ను చూసింది. నాన్న అద్దం దగ్గరికి వంగి చూశాడు.

"అది మన భూలచ్చిమి కాదేంటే?"

"అవును నాన్నా."

"ఏం చెప్తావే దానికి?"

రేవు వచ్చేదాకా నేను అద్దం ముందు నుంచి కదల్లేదు. కదిలితే ఆమెను పనిలో ఒంటరిగా వదిలినట్టుంటుంది. జనం నా చుట్టూ తిరిగి పూతరేకులు తీసుకున్నారు. ఒకావిడ నాకూ ఒకటి ఇవ్వబోయింది.

భూలక్ష్మి ఇల్లు కాలనీలో మా వరసలోనే, మూడోది. రేపు పొద్దున ఆ తలుపు కొట్టాలి. తర్వాత మిగతా తలుపులు. ఈ రాత మీరు చదివేలోగా నేను మీ దగ్గరికి వస్తాను, కోపంతో కాదు, మొదటిసారి మిమ్మల్ని అడగడానికి. ఏ వేళకు వెళ్తే ఆమె ఇంట్లో ఉంటుందా అని ఆలోచించాను. ఎప్పుడు వెళ్ళినా ఉంటుంది. షెడ్డు మూసినప్పటి నుంచీ ఆమెకు పని లేదు.